ఆరంగుళాల బొమ్మకు ఆది

ఆ దంపతులు చెప్పుల డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టి మూత తీశారు. లోపల రెండు బ్యాట్‌మ్యాన్ బొమ్మలు, సూదుల పొట్లం, నల్లగుడ్డ పేలికలు. “తొమ్మిదో తరగతికొచ్చాడు మాస్టారూ. రాత్రి పదకొండైనా బొమ్మలకు బట్టలు కుడుతూ కూర్చుంటాడు” అందా తల్లి. తండ్రి కాసేపాగి, “మగపిల్లాడు...” అని ఊరుకున్నారు.

ఆయన మింగేసిన మాట మనలో చాలామంది మింగేదే. వీధి చివర మిషను తొక్కే టైలరు మగవాడే కదా, ఆయన కుట్టిన ప్యాంట్లే వేసుకుని మనం ఉద్యోగాలకు వెళ్ళాం కదా అన్నాను. ఈ బెరుకు మనకొక్కరికే లేదు లెండి. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను తెచ్చింది. దాదాపు 12 అంగుళాల ఎత్తు, కదిలే కీళ్ళు, మార్చి మార్చి తొడగడానికి గుడ్డ యూనిఫాములు. అంతకు అయిదేళ్ళ ముందొచ్చిన బార్బీకి గౌన్లు మార్చినట్టే. కాని ‘డాల్’ అంటే మగపిల్లలకు ఎవరూ కొనరని జంకి, ‘యాక్షన్ ఫిగర్’ అన్నారు. ఆ పేరు పుట్టిందే పెద్దవాళ్ళ మొహమాటంలోంచి.

నేను ఒక బొమ్మ భుజాన ఉన్న కేపు అంచు వేళ్ళతో తడిమాను. గట్టిగా ఏదో తగిలింది. “లోపల తీగ ఉందమ్మా” అన్నాను. ఆమెకు తెలియదు. మడిచి కుట్టిన అంచులోకి సన్నని తీగ దూర్చాడు. వంచితే కేపు గాలికి లేచినట్టు అలాగే నిలబడింది. పోగులు ఊడకుండా నీళ్ళు కలిపిన ఫెవికాల్ రాశాడు. గుడ్డేమో ఆమె జాకెట్టు లైనింగులో మిగిలిన ముక్క. ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అయ్యాడంటే అడుగుకి అంగుళం లెక్క. మన జీన్స్ గుడ్డ దానికి తొడిగితే బొంత కప్పినట్టుంటుంది. ఎంత పల్చటి గుడ్డ కావాలో వాడికెవరూ చెప్పలేదు, కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి తెలుసుకున్నాడు.

తరవాత నిలబెట్టడం. బరువు ఏ కాలి మీద పడాలి, నడుము ఎంత తిరగాలి, తల ఎటు వంచాలి? సంక్రాంతి బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మను ఏ మెట్టు మీద ఎటు తిప్పి పెట్టాలో అత్తాకోడళ్ళు వాదించుకోవడం చూసినవాళ్ళమే మనం. అయితే పద్నాలుగేళ్ళవాడికి ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ వయసులో వాడి ఒళ్ళే వాడి మాట వినదు. గొంతు బొంగురుపోతుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, పదిమందిలో నిలబడాలంటే సిగ్గు. ఏ గంటకు ఏ పాఠమో బడి నిర్ణయిస్తుంది, ఏ ట్యూషనో మనం నిర్ణయిస్తాం. ఆ బల్ల మీద మాత్రం ఒక ఒళ్ళు వాడు చెప్పినట్టు నిలబడుతుంది. ఆ కాసేపు వాడికి ఎంత నెమ్మదో ఊహించండి.

పోయిన నెల కోపంలో మూడో బొమ్మను చెత్తబుట్టలో పడేశానని తండ్రి తల వంచుకుని చెప్పారు. పిల్లాడి మీద బెంగతోనే పడేశారు, నాకు అనుమానం లేదు. కాని ఆ రోజు నుంచే వాడు గది గడియ పెట్టుకుని కుడుతున్నాడు. అడగకుండా పారేస్తే వ్యసనం పోతుందనుకుంటాం. గడియ పడుతుంది, అంతే. వాడికి క్షమాపణ చెప్పడం మనకు కష్టమే, చెప్పాలి మరి.

అలాగని అన్నిటికీ తలూపమనడం లేదు. ఇది ఖరీదైన సరదా. గుడ్డ దుస్తులతో వచ్చే 12 అంగుళాల బొమ్మలు ఇరవై వేలు దాటేవి కూడా ఉన్నాయి. ఇంటి రాబడి ఎంతో, అందులో వాడి వాటా ఎంతో దాచకుండా చెబుదాం. మార్కులొస్తే బొమ్మ అనే బేరం మాత్రం వద్దు, చదువూ సరదా రెండూ చెడతాయి. పదింటికి దీపం ఆర్పాలి. సూపర్ గ్లూ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, బ్లేడూ, ఊడదీసిన బొమ్మల చిట్టి చేతులూ ఇంట్లో పాకే పిల్లలకు అందకూడదు. తిండి, స్నానం, స్నేహితులు అన్నీ వదిలేసి బల్ల దగ్గరే ఉంటున్నాడంటే డాక్టరుకి చూపిద్దాం. అప్పుడు కూడా బొమ్మను తిట్టి లాభం లేదు, దేనికి భయపడి వాడు దాని చాటుకి వెళ్ళాడో వెతకాలి.

“అయితే ఫ్యాషన్ డిజైనింగులో వేద్దామా మాస్టారూ?” అని తల్లి ఆశగా అడిగింది. నవ్వొచ్చింది. తల్లీ, వాడి సరదాను కూడా మనం ఎంట్రన్సు పరీక్ష చేసెయ్యాలా? ప్రస్తుతానికి పక్కన కూర్చోండి చాలు. ఎందుకు అని అడగకండి, ఎలా అని అడగండి. నేను అలా అడిగే నేర్చుకున్నాను, నల్లగుడ్డను ముందే ఉతికి రంగు వదిలించకుండా తొడిగితే ఆ రంగు ప్లాస్టిక్‌కి అంటుకుంటుందట.

మొన్న ఆ తండ్రి ఫోన్ చేశారు. వెనకాల బజారు చప్పుడు. “మాస్టారూ, ఎర్ర లైనింగు గుడ్డ జానెడు చాలంటున్నాడు మావాడు. కొట్టతను అరమీటరు కంటే తక్కువ కొయ్యనంటున్నాడు. ఏం చెయ్యమంటారు?”