ఒక సీసా, రెండు థర్మామీటర్లు

అనంతపురం,
మృగశిర కార్తె.

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ దీవెనలు.

ఇంట్లో పిల్లల చేత వాతావరణ ప్రయోగాలు చేయించాలని ఉంది, ఏవి బాగుంటాయో చెప్పమన్నావు. ఫోన్లో నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

సీసాలో మబ్బు పుట్టించడం నీకు తెలిసే ఉంటుంది. ప్లాస్టిక్ సీసాలో కాసిని వేడినీళ్లు పోసి, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల పొగ లోపలికి పోనిచ్చి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదలాలి. వదలగానే లోపలి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. ఆవిరి పొగ నలుసుల చుట్టూ చుక్కలు కట్టి తెల్లగా కమ్ముకుంటుంది. పొగ లేకుండా ఒకసారి, పొగతో ఒకసారి చేయించు, తేడా వాళ్లే పట్టుకుంటారు. అగ్గిపెట్టె మాత్రం నీ చేతిలోనే ఉండాలి. అయితే అమ్మలూ, ఇది ఒక పూట ముచ్చట. వాతావరణం రోజూ మారేది. రోజూ కొలిచి రాసుకునే పిల్లలకే అది పట్టుబడుతుంది. అందుకే వర్షమాపకంతో మొదలుపెట్టమంటాను.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకో. నడుము దగ్గర నొక్కులు లేకుండా నిటారుగా ఉన్నది కావాలి. భుజం దగ్గర కోసి, పైముక్కను తలకిందులుగా గరాటులా దానిలోనే కూర్చోబెట్టు. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది గనక కొన్ని గులకరాళ్లు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటిదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టించు. ఆ గీత నుంచి పైకి కాగితం స్కేలు అంటించి, మీద టేపు వెయ్యండి. చుట్టూ ఇటుకలు పేర్చి ఆరుబయట పెట్టాలి. చెట్టుకీ గోడకీ వాటి ఎత్తుకు రెండింతల దూరం ఉంటే మేలు. డాబా మీద గాలి వానని పక్కకు కొట్టేస్తుంది, కింద చోటు దొరికితే అక్కడే పెట్టండి.

రోజూ ఉదయం 8:30కి చూసి రాయించు. మన వాతావరణ శాఖ వాన లెక్క తీసేది కూడా ఆ వేళకే, కాబట్టి పేపర్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. చూశాక నీళ్లు మళ్లీ సున్నా గీత దగ్గరికి తేవాలి. వాన పడని రోజున సున్నా అని రాయాలి, ఆ గడి ఖాళీగా వదలనివ్వకు. పడలేదని తెలియడం వేరు, చూడకపోవడం వేరు. ఉరుముతుంటే మటుకు ఎవరూ సీసా దగ్గరికి పోకూడదు, ఆ రోజు ఆలస్యమైనా ఫరవాలేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ఆ ఆట ఇంట్లో కూర్చునే ఆడుకోవాలి.

నెల తిరిగేసరికి అంకెలకు అర్థం వస్తుంది. 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన పడిన రోజుగా లెక్కవేస్తారు. 64.5 దాటితే టీవీలో భారీ వర్షం అంటారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 2000 లీటర్లు. ఈ గుణకారం పెద్దాడి చేత చేయించు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊరినుంచి రాస్తున్నాను, ఆ 2000 లీటర్లంటే ఏమిటో నాకు తెలుసు.

రెండోది నాకు మరీ ఇష్టమైనది. రెండు థర్మామీటర్లు కావాలి. జ్వరం చూసేవి పనికిరావు, పాదరసంవి వద్దే వద్దు, ఎర్ర ద్రవం ఉన్నవి చాలు. ఒకదాని బుడ్డికి పాత నూలుగుడ్డ పీలిక చుట్టి, కొస నీళ్ల గిన్నెలో ఉంచి, గాలి తగిలే నీడలో రెండూ పక్కపక్కన వేలాడదీయండి. తడి ఆరుతూ వేడిని లాక్కుంటుంది గనక తడిది తక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మీరు విశాఖలో చూడండి, నేనిక్కడ చూస్తాను. ఇక్కడ తేడా పది డిగ్రీల దాకా పోతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మీ సముద్రపు గాలిలో అందులో సగం కూడా రాకపోవచ్చు. ఇది పిల్లలకు ముందే చెప్పెయ్యకు. రెండు ఊళ్ల అంకెలూ పక్కపక్కన చూశాక, మీ ఇంట్లో కుండనీళ్లు మా ఇంట్లో ఉన్నంత చల్లగా ఎందుకు ఉండవో, అక్కడ చెమట ఎందుకు ఆరదో అడుగు. తప్పు చెప్పినా సరే, రేపు కొలిచి చూద్దాం అను.

బెలూను తొడిగిన గాజుసీసా బారోమీటరు మీద నాకు నమ్మకం లేదు. గది కాస్త వేడెక్కినా లోపలి గాలి ఉబ్బి బెలూను మీద అంటించిన పుల్ల కదులుతుంది, పిల్లలు అది పీడనమనుకుంటారు. దాని బదులు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ఐసు కొంచెం కొంచెంగా వేసి కలుపుతూ, బయట చెమ్మ పట్టిన క్షణాన ఎన్ని డిగ్రీలో చూడండి. అదే తుషార స్థానం. మీ దగ్గర తొందరగా పట్టేస్తుంది, మాకు నీళ్లు ఇంకా చాలా చల్లబడాలి.

చిన్నదానికి అన్నా మణి గారి గురించి చెప్పు. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టి, సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, 1948లో వాతావరణ శాఖలో చేరారు. వాతావరణ పరికరాలు ఇక్కడే తయారు కావాలని దాదాపు వంద పరికరాల నమూనా చిత్రాలకు ప్రామాణికత తెచ్చారు. ఏ ఊళ్లో కొలిచినా లెక్క ఒకటే రావాలంటే పరికరాలూ ఒక్కలా ఉండాలి. మన రెండిళ్ల సీసాల విషయంలోనూ అంతే, అందుకని మీరు కోసిన రకం సీసానే నేనూ కోస్తాను.

బడులు తెరిచాక ఆపెయ్యకండి. మాకు అసలు వాన సెప్టెంబరులో. మీకు అక్టోబరులో తుపాన్లు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. డిసెంబరు దాకా రాస్తే నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఆ నోటుబుక్కులో ఉంటాయి.

థర్మామీటర్లు కొనగానే గుడ్డ చుట్టకముందే రెంటినీ ఒక గంట పక్కపక్కన పెట్టి చూడు. ఒకే అంకె చూపించకపోతే, ఎంత తేడా ఉందో నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దాడి చేత రాయించు. ఆ తేడా నాకూ ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ