తరుగు వ్రాయని లెక్క

తోటలోని మామిడిపండ్లను అమ్మి వేయి రూపాయలు గడించిన రైతును, చెట్లనే కొట్టించి కలపగా అమ్మి వేయి రూపాయలు గడించిన రైతును సమానముగా నెంచరాదు. మొదటివానికి వచ్చినది ఫలసాయము. రెండవవానికి వచ్చినది మూలధనము. ఇరువురి పెట్టెలలోను రూపాయలు ఒక్కటే. కాని మరుసటి యేడు మొదటివాని తోట మరల కాయును; రెండవవానికి మోడులే మిగులును. జమ మాత్రమే వ్రాసికొని తరుగు వ్రాయని లెక్క లెక్క కాదు. ఈ సూత్రము దేశములకును వర్తించును. ఇందులకు నౌరూ దీవి చరిత్రమే నిదర్శనము.

నౌరూ పసిఫిక్ మహాసముద్రమున భూమధ్యరేఖకు సమీపమున నున్న చిన్న దీవి. దాని వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ప్రజలు కొబ్బరితోను, చేపలతోను జీవనము గడపుచుండిరి. ఆ దీవినుండి తెచ్చిన రాయి యొకటి సిడ్నీ నగరములోని ఒక వర్తక కార్యాలయమున తలుపునకు అడ్డుగా పడియుండెను. 1900 ప్రాంతమున ఆల్బర్ట్ ఎల్లిస్ అను ఉద్యోగి దానిని పరీక్షించి, అది ఎరువుల తయారీకి పనికివచ్చు మేలైన ఫాస్ఫేటు శిల యని కనుగొనెను. 1907లో ఎగుమతి ప్రారంభమయ్యెను. నౌరూ నేల విదేశముల పొలములను పండించెను. దీవివాసులకు లాభములో స్వల్పభాగమే దక్కెను.

1968లో నౌరూ స్వతంత్రమయ్యెను. గనులు ప్రజల చేతికి వచ్చెను. జనసంఖ్య స్వల్పమగుటచే తలసరి ఆదాయమున ఆ దేశము ప్రపంచమున అగ్రగణ్యములైన వానిలో నొకటి యయ్యెను. పాలకులు రాబడిలో కొంత నిధిగా కూడబెట్టిరి; మెల్‌బోర్న్ నగరమున 52 అంతస్తుల భవనమును కట్టించిరి. ఆలోచన మంచిదే. కాని వ్యయము మితిమీరెను, పెట్టుబడులు నష్టపడెను, అప్పులు పెరిగెను. 2004లో ఆ భవనమును సయితము అమ్మవలసి వచ్చెను. ఇంతలో దీవిలో సుమారు అయిదింట నాలుగు వంతుల నేల త్రవ్వకమునకు బలియయ్యెను. అచట పైరు లేదు, నీడ లేదు. మొనదేలిన సున్నపురాతి స్తంభములు మాత్రము నిలిచియున్నవి. స్వాతంత్ర్యమునకు పూర్వము పాడైన నేలను గూర్చి 1989లో నౌరూ అంతర్జాతీయ న్యాయస్థానమున ఆస్ట్రేలియాపై వ్యాజ్యము వేసెను. 1993లో రాజీ కుదిరి, ఆస్ట్రేలియా పరిహారమిచ్చుటకు అంగీకరించెను. కాని ధనము వచ్చినంతమాత్రమున పోయిన మట్టి తిరిగి రాదు.

లోపమెచట నున్నది? శిలను తూచి ధర కట్టిరి. నేలకు ధర కట్టలేదు. ఖనిజమును అమ్మగా వచ్చిన సొమ్మునుండి త్రవ్వకపు ఖర్చులను తీసివేయగా మిగులునది ఆదాయమువలె తోచును. నిజమునకు అందు అధికభాగము భూమినుండి తీసిన మూలధనమే. కావున ఏటి మొదట నిలువ యెంత, త్రవ్వినదెంత, ఏటి చివర మిగిలినదెంత యని పద్దు వ్రాయవలెను. ప్రకృతి సంపదకు ఇట్టి లెక్కలు వ్రాయు విధానమునొకదానిని 2012లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘము అంతర్జాతీయ ప్రమాణముగా స్వీకరించెను.

నార్వే దేశము వేరొక మార్గము త్రొక్కెను. 1969లో దాని సముద్రభాగమున పెద్ద చమురు నిక్షేపము దొరకెను. 1990లో శాసనముచేసి చమురు రాబడికి ప్రత్యేకనిధి నేర్పరచిరి. 1996లో మొదటిసారి అందు సొమ్ము జమచేసిరి. నిధినుండి వచ్చు ఫలమును మాత్రమే వాడుకొని అసలును కాపాడవలెనని 2001లో నియమము పెట్టుకొనిరి. నార్వేకు విద్య, పరిశ్రమలు, పాలనానుభవము ముందే కలవు. నౌరూకు అవి లేవు. కావున ఆ చిన్నదీవిని నిందించుట న్యాయము కాదు. దాని అనుభవమునుండి నేర్చుకొనుటయే న్యాయము.

గని తరిగినప్పుడు బడియో, పరిశ్రమయో, నిధియో దాని స్థానమున పెరుగవలెను. అట్లు పెరుగనిచో, నేటివారు భాగ్యమని తలచునది రేపటివారి వాటాయే యగును.