మనసు కవి ఆత్రేయ

నెల్లూరు సీమకు దక్షిణమున, పులికాటు సరస్సునకు చేరువలో సూళ్ళూరుపేట యను పట్టణము కలదు. ఆ పేరు వినగానే నేటి బాలురకు శ్రీహరికోటనుండి నింగికెగయు రాకెట్లు జ్ఞప్తికి వచ్చును. ఆ పేట సమీపముననే మంగళంపాడు అను చిన్న గ్రామమున్నది. 1921వ సంవత్సరము మే 7వ తేదీన కిళాంబి వేంకట నరసింహాచార్యులు అచ్చట జన్మించెను. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి సీతమ్మ. 2022లో ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది కాని, ఆయన పుట్టిననాడు అది నెల్లూరు జిల్లాయే. అంత పొడవైన పేరును ప్రక్కనుంచి, తన గోత్రనామమునే కలము పేరుగా గ్రహించి ఆయన ఆత్రేయ యయ్యెను.

చదువుకొను వయస్సుననే ఆయనకు నాటకములపై మక్కువ కలిగినది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాల కేగెను. పిమ్మట గుమాస్తాగా చిన్న చిన్న కొలువులు చేసెను. నెల్లూరి 'జమీన్ రైతు' పత్రికలోను కొంతకాలము పనిచేసెను. ఈ కొలువులలో ధనము చేకూరలేదు. నెలాఖరు దినములు ఎట్లుండునో మాత్రము చక్కగా తెలిసివచ్చెను.

ఆ కాలమున తెలుగు రంగస్థలముపై పద్యనాటకములదే రాజ్యము. కిరీటములు ధరించిన రాజులు, హార్మోనియము శ్రుతిపై సాగు రాగములు, 'వన్స్‌మోర్' కేకలు! అట్టి వేదికపైకి ఆత్రేయ ఒక గుమాస్తాను నడిపించుకొని వచ్చెను. ఆ నాటకము పేరు 'ఎన్.జి.ఓ.' గెజిటెడ్ హోదా లేని చిరుద్యోగి యని దానికర్థము. చాలని జీతము, తీరని అక్కరలు, పరువు కాపాడుకొనవలెనను తాపత్రయము - ఇవియే అందలి కథ. పాత్రలు పద్యములు పాడవు. మన యిండ్లలో మాటలాడుకొనునట్లే మాటలాడును. తమ బ్రతుకునే వేదికపై చూచుకొని సామాన్యోద్యోగులు కన్నీరు పెట్టుకొనిరి. 1953లో ఇది 'గుమాస్తా' అను పేర చలనచిత్రముగా వెలువడెను.

అంతకు పూర్వమే, 1951లో, 'దీక్ష' చిత్రమునకు ఆయన పాట వ్రాసెను. ఆరేండ్లకు వచ్చిన 'తోడికోడళ్ళు' చిత్రములోని పాట నొకదానిని ఇచ్చట ప్రత్యేకముగా చెప్పవలెను. కారులో విహరించు ఒక ధనిక యువతిని ఆ పాట ప్రశ్నించును: నీ మేడకు చలువరాయి ఎక్కడిది? నీ పలుచని చీర ఎవరు నేసినది? గనులు త్రవ్వినవారును, చిరుగు బట్టలతో మగ్గము ముందు కూర్చున్నవారును ఆ జవాబులో మనకు కనబడుదురు. ఇది శ్రీశ్రీ రచన యని చాలమంది భ్రమపడిరి. 1961లో ఆత్రేయ 'వాగ్దానము' చిత్రమునకు స్వయముగా దర్శకత్వము వహించినపుడు, ఆ శ్రీశ్రీ చేతను, దాశరథి చేతను పాటలు వ్రాయించెను. తన చేతిలో కలముండగా ఇతరులను పిలుచుట అందఱకు సాధ్యమగు పనికాదు.

ఆయన పల్లెమాటకు పట్టము గట్టిన చిత్రము 1964లో వచ్చిన 'మూగమనసులు'. కథ గోదావరి తీరమున జరుగును. గోపి పడవవాడు, చదువెఱుగడు. రాధ జమీందారు బిడ్డ, అతని పడవపైననే చదువునకు పోవును. గోపికి ఆత్రేయ వ్రాసిన పాటలలో 'చల్లగా' అనునది 'సల్లగా' అగును, 'చిలుక' 'సిలక' అగును. రాధ తన చదువుకొలది 'చిలక' అనగా గోపి ఒప్పుకొనడు. 'సిలక' యనియే పలుకవలెనని పట్టుబట్టును. సాధారణముగా చదివినవారు చదువనివారి పలుకును దిద్దుదురు. ఇచ్చట దిద్దుబాటు ఎదురు నడిచినది. ఈ పాఠపు భాషలో గోపి పాడినచో మనకు నవ్వు వచ్చును గదా!

ఇట్టి పాటలు వ్రాయుట సులభమని తలంపరాదు. పెద్ద సమాసము వెనుక కవి దాగవచ్చును. 'సిలక' వెనుక దాగుటకు చోటు లేదు. తగిన తేలికమాట దొరకువఱకు ఆత్రేయ కలము కదలెడిది కాదు. నిర్మాతలు పాటకొఱకు దినములకొలది కాచుకొని విసిగెడివారు. ఆయన వ్రాయక నిర్మాతలను, వ్రాసి ప్రేక్షకులను ఏడిపించునను చమత్కారము చిత్రసీమలో వ్యాపించెను. ఇందు కొంత నింద, కొంత మెప్పు కలవు. జాప్యమువలన ఇతరులకు కలిగిన నష్టమును మనము కాదనలేము.

'మూగమనసులు' చిత్రమునకు సంగీతము కూర్చిన కె.వి. మహదేవన్ పద్ధతి ఆయనకు మిక్కిలి అనుకూలించినది. బాణీ ముందుగా సిద్ధమైనచో, కవి తన మాటలను ఆ కొలతకు కత్తిరింపవలసి వచ్చును. మహదేవన్ పాట చేతికి వచ్చిన పిమ్మటనే, ఆ పలుకుల నడకను బట్టి బాణీ కట్టెడివాడు. ఆత్రేయ పాటలు మాటలాడినట్లే వినబడుటకు ఇదియు నొక కారణము.

1989 సెప్టెంబరు 13న ఆత్రేయ మరణించెను. ఆయన వ్రాసిన పాటలు వేయికి మించినవి. సినిమా పాటల పుస్తకములనగా హాలు వాకిట కొద్ది డబ్బులకు అమ్ముడుపోయిన పలుచని కాగితములు. చిత్రము ఊరు విడిచిన పిమ్మట వాటిని దాచువారరుదు. గంభీరమైన కంఠముచే పేరొందిన నటుడు కొంగర జగ్గయ్య పూనుకొని, మిత్రుని నాటకములను, పాటలను సేకరించి సంపుటములుగా అచ్చు వేయించెను.