ప్రాథమిక పాఠశాలలో చేతిపని

మట్టిముద్ద చేతికి దొరికిన పిల్లవాడు ఊరకుండడు. దానిని నొక్కుతాడు, సాగదీస్తాడు, ఉండగా చుడతాడు, నచ్చకపోతే చిదిమివేసి మళ్ళీ మొదలుపెడతాడు. ఎవరూ చెప్పకుండానే అతడు చేసే ఈ పనిలో పరిశీలన ఉన్నది, ప్రయోగం ఉన్నది, పొరపాటును దిద్దుకొనే ఓర్పు ఉన్నది. విద్య అని మనం పిలిచేది వీటినే కదా! అయినప్పటికీ మన ప్రాథమిక పాఠశాలలు అనేకచోట్ల చేతిపనికి వారంలో చివరి గంటను మాత్రమే కేటాయిస్తాయి. పాఠాలు పూర్తికాని పక్షంలో అదీ దక్కదు. మన విద్యార్థినీ విద్యార్థులలో రేపు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించేవారు ఉన్నారు. ముఖ్యంగా వారిని ఉద్దేశించి ఈ విషయాన్ని కొంత వివరింపదలచాము.

పూర్వరంగం

చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలపాలనే ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో విద్యాసభ జరిగింది. ఆ సభ నియమించిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాదులో జన్మించి, జామియా మిలియా ఇస్లామియాను పెంచి పోషించి, 1967లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన మహనీయుడు ఆయనే. పిల్లల కోసం ఉర్దూలో ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ వంటి కథను వ్రాసిన చేయి కూడా ఆయనదే. ఏడు సంవత్సరాల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ అల్లుకొన్న పాఠాలు ఆ సంఘం సూచించిన ప్రణాళికకు మూలస్తంభాలు. ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించారు.

అయితే ఆ నివేదికలోనే ఒక హెచ్చరిక ఉన్నది. ఆదాయం మీద దృష్టి మితిమీరితే విద్యాప్రయోజనం దెబ్బతినగలదని సంఘం ముందుగానే గుర్తించింది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం ‘సమాజోపయోగ ఉత్పాదక కార్యం’ అన్నది. 2020 జాతీయ విద్యావిధానం కళను పాఠంతో మేళవించాలన్నది. పేర్లు మారాయి. ప్రశ్న మాత్రం మారలేదు: తయారైన వస్తువు ముఖ్యమా, తయారుచేసిన బిడ్డ ముఖ్యమా?

మా పొరపాటు

ఈ ప్రశ్నకు సమాధానం తెలుసునని మేము చాలాకాలం అనుకొన్నాము. ఒకసారి ఒక ప్రాథమిక పాఠశాల ప్రదర్శనకు మమ్మల్ని నిర్ణేతగా పిలిచారు. బల్లల మధ్యలో థర్మోకోలుతో చేసిన చార్మినార్ తెల్లగా మెరిసిపోతున్నది. దానికి ప్రథమ బహుమతి వ్రాసి ఇచ్చాము. తరువాత ఆ పిల్లవానిని, “ఈ కమానులు ఎలా కోశావు బాబూ?” అని అడిగాము. “మామయ్య కోశాడు సార్, నేను పక్కన నిలబడ్డాను” అన్నాడు.

బల్ల చివర పగుళ్ళు బారిన చిన్న మట్టిపొయ్యి ఉన్నది. దాని వెనుక నిలబడిన బాలిక మేము అడగకముందే చెప్పింది: “ఎండలో పెట్టాను సార్. పైన తొందరగా ఆరింది, లోపల తడి ఉండిపోయింది. ఈసారి నీడన పెడతాను.” బహుమతుల పట్టిక అప్పటికే ప్రధానోపాధ్యాయుల చేతికి వెళ్ళింది. దానిని వెనక్కి అడగవచ్చు, మొగమాటపడి అడగలేదు. ఆ రోజు అక్కడ జరిగిన నిజమైన పాఠం ఆ పొయ్యిలో ఉన్నదని మాకు తెలిసి కూడా ఊరకున్నాము.

నాలుగు అభ్యాసాలు

ఖర్చు లేకుండా ఏ పల్లెబడిలోనైనా చేయించదగిన నాలుగు పనులను ఇక్కడ సూచిస్తున్నాము.

మొదటిది మట్టిపని. చెరువుమట్టిలోని రాళ్ళు, వేర్లు ఏరివేసి, ఒక రాత్రి నానబెట్టి, బాగా పిసకాలి. ప్రతి విద్యార్థి ఒకే పరిమాణంలో రెండు ప్రమిదలు చేయాలి. ఒకటి ఎండలో, మరొకటి నీడలో ఆరబెట్టాలి. పగుళ్ళు ఎందులో ఎక్కువో పిల్లలే లెక్కపెట్టి, కారణం చర్చించాలి. ఆ బాలిక మాకు చెప్పిన పాఠమే ఇది.

రెండవది పసుపు కాగితం. పసుపు నీళ్ళతో తెల్లకాగితాన్ని తడిపి ఆరనివ్వాలి. సబ్బునీటిలో పుల్లను ముంచి దానిమీద బొమ్మ గీస్తే గీతలు ఎర్రబడతాయి. నిమ్మరసం తగిలితే మళ్ళీ పసుపుపచ్చగా మారతాయి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని ఇళ్ళలో చూసిన పిల్లలకు ఇది క్షారానికి, ఆమ్లానికి తొలిపాఠం. సున్నం కంటికి హానికరం గనుక తరగతిలో సబ్బునీరే వాడాలి.

మూడవది అక్షరాల కొలత. ఉర్దూ ఖుష్‌ఖతీలో అక్షరం పొడవును అదే కలంతో పెట్టిన చుక్కలతో కొలుస్తారు. పిల్లలకు రెల్లుకలం ఇచ్చి ‘అలిఫ్’, ‘బే’ వ్రాయించి, పక్కన చుక్కలు పెట్టించి కొలిపించవచ్చు. తెలుగు అక్షరాలు గుండ్రనివి. వాటిమీద మైదాజిగురుతో పురికొసను అంటించి, ఊడదీసి, సాగదీసి స్కేలుతో కొలవాలి. ‘ర’కు ఎంత దారం, ‘జ’కు ఎంత దారం పట్టిందో వ్రాసుకోవాలి. ఉర్దూ మాధ్యమం పిల్లలు తెలుగు అక్షరాలను, తెలుగు మాధ్యమం పిల్లలు ఉర్దూ అక్షరాలను చేస్తే పొరుగు భాష భయం పోతుంది.

నాలుగవది కాగితపు గుజ్జు బొమ్మ. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతుకుతారు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిణె పట్టి లక్కరంగులు అద్దుతారు. ఈ సంగతులు చెప్పిన తరువాత, నానబెట్టిన పాత వార్తాపత్రికల గుజ్జులో మైదాజిగురు కలిపించి, పిల్లలచేత తమ ఊరి పశువునో పక్షినో చేయించాలి. వీలైతే ముందుగా ఊరి కుమ్మరి వద్దకో వడ్రంగి వద్దకో తీసుకొనిపోవాలి. చేతిపని చేసేవారిపట్ల గౌరవం పుస్తకంలో చదివితే కలగదు. వారి పక్కన కూర్చుంటే కలుగుతుంది.

ఉపాధ్యాయుని నిగ్రహం

ఈ పనులన్నింటిలో కష్టమైనది ఉపాధ్యాయుడు తన చేతులను తాను అదుపులో ఉంచుకోవడం. పిల్లవాని ఆవుకు మూడు కాళ్ళే నిలిచినా మనం నాలుగవ కాలు అతికించరాదు. ఎందుకు పడిపోతున్నదని అడగాలి. మార్కులు వేసేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు: ఎలా చేశావు? ఎక్కడ చెడింది? మళ్ళీ చేస్తే ఏమి మారుస్తావు? జవాబు చెప్పగలిగిన బిడ్డ నేర్చుకొన్నట్లే.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఇరుగుపొరుగు ప్రాథమిక పాఠశాలల పిల్లలను పిలిచి మన ఆవరణలో ఏటా ఒక రోజు చేతిపనుల ప్రదర్శన జరిపించాలని కోరుతున్నాము. పెద్దల చేయి పడిన వస్తువుకు, కొనితెచ్చిన సామగ్రితో చేసిన వస్తువుకు అందులో బహుమతి ఉండరాదు. చేసిన బిడ్డ మాట విన్న తరువాతే నిర్ణేతలు కలం పట్టాలి. ఆ చిన్నారికి మేము బాకీపడిన బహుమతి ఆ విధంగానైనా మరొక బిడ్డకు చేరుతుందని మా ఆశ.