బట్టలుతుకు యంత్రము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

స్వర్ణముఖి రేవులలోను, చెరువుగట్ల బండలపైనను బట్టలుతుకుట చిత్తూరు, తిరుపతి జిల్లాలలో తరతరములుగా వచ్చుచున్న పని. నేడు వాషింగ్ మెషిన్ అను బట్టలుతుకు యంత్రము పల్లెటిండ్లలోనికిని ప్రవేశించినది. సత్యవేడు ప్రాంతమునందలి శ్రీసిటీలో ఎల్.జి. సంస్థ కర్మాగారమునకు 2025 మే 8వ తేదీన శంకుస్థాపన జరిగినది. సుమారు 5,000 కోట్ల రూపాయల పెట్టుబడితో, ఇతర వస్తువులతోపాటు ఏటా ఎనిమిదిన్నర లక్షల ఉతుకు యంత్రములను చేయవలెనన్నది ఆ సంస్థ సంకల్పము. యంత్రము మన జిల్లాలోనే తయారగుట సంతోషకరమే. కాని అది ఎచ్చట తయారైనను, దాని క్షేమము రెండింటిపై ఆధారపడి యుండును: ఒకటి యంత్రపు గట్టిదనము, రెండవది ఇంటి విద్యుత్తు ఏర్పాటు.

యంత్రపు గట్టిదనము

బట్టలను పిండునప్పుడు లోపలి తొట్టి నిమిషమునకు అనేక వందల మార్లు తిరుగును. బట్టలన్నియు ఒకవైపునకే చేరినచో తొట్టి తూకము తప్పి అదరును. ఆ అదురును స్ప్రింగులు, కాళ్లు, పైపెట్టె ఓర్చుకొనవలెను. పెద్ద సంస్థల యంత్రములందును ఈ లోపము బయటపడిన సందర్భములు కలవు. 2016 నవంబరులో శాంసంగ్ సంస్థ అమెరికాలో సుమారు 28 లక్షల పైమూత యంత్రములను రీకాల్ చేసెను. తొట్టి అదురునకు పైమూత ఊడివచ్చి మనుష్యులకు గాయములగుటయే దీనికి కారణము. కావున పేరు చూచి మాత్రమే నమ్మరాదు.

కొనునప్పుడు ఈ క్రింది వానిని పరిశీలింపవలెను: పెట్టె రేకు పలుచనై వంగుచున్నదా? పిండు తొట్టి తిరుగుచుండగా మూత తెరచినచో అది వెంటనే ఆగుచున్నదా? ఎలుకలు దూరి తీగలు కొరకకుండ అడుగున మూత యున్నదా? తీగ మీదను, ప్లగ్గు మీదను ఐ.ఎస్.ఐ. గుర్తు, లైసెన్సు సంఖ్య ఉన్నవా? ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో చూడవచ్చును. నక్షత్రముల చీటీ విద్యుత్తు పొదుపును తెలుపునే కాని, గట్టిదనమును తెలుపదు.

ఎర్తు లేనిచో ప్రాణాపాయము

నీరు, విద్యుత్తు ఒకేచోట పనిచేయు యంత్రమిది. మోటారు తీగపై పొర చెడినచో విద్యుత్తు ఇనుప పెట్టెకు ప్రాకును. ఎర్తు తీగ సరిగా ఉన్నచో అది భూమిలోనికి పోవును. లేనిచో తడినేలపై నిలిచి తడిచేతితో యంత్రమును తాకిన మనిషి దేహమే దానికి దారియగును. మూడు కాళ్ల ప్లగ్గులో పొడవైన లావుపాటి కాలు ఎర్తుది. దానిని విరిచి, రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుట ప్రాణముతో చెలగాటమే.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. రాతినేలలో, ముఖ్యముగా వేసవిలో భూమి ఎండినప్పుడు, ఎర్తుగుంట విద్యుత్తును చక్కగా గ్రహింపజాలదు. అప్పుడు ఎర్తు ఉన్నను ఫ్యూజు కాలకపోవచ్చును. కావున ఎర్తుగుంటలో అప్పుడప్పుడు నీరు పోయుటయేగాక, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను రక్షణ స్విచ్చిని పెట్టించుకొనవలెను. అది స్వల్పమైన విద్యుత్తు ప్రక్కకు పోయినను క్షణములో సరఫరాను నిలుపును. దాని మీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను. ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టరాదు. యంత్రమును కదల్చుటకు గాని, శుభ్రపరచుటకు గాని ముందు ప్లగ్గును తీసివేయవలెను. పిల్లలను దాని దరికి చేరనీయరాదు.

లోపము కనిపించినచో

యంత్రమును తాకినప్పుడు చేయి జిమ్మనినను, కాలిన వాసన వచ్చినను వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, పనితెలిసిన విద్యుత్ కార్మికునికి చూపవలెను. కొన్నప్పుడు రసీదును, గ్యారంటీ కార్డును భద్రపరచుట ముఖ్యము. వస్తులోపము వలన కలిగిన నష్టమునకు తయారీదారును, కొన్ని సందర్భములలో అమ్మకందారును బాధ్యులను చేయుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వీలు కల్పించుచున్నది. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. పరిష్కారము దొరకనిచో రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదు రుసుము లేదు.

పంచాయతీ చేయదగిన పని

సభ్యులు గ్రామసభలో ఈ విషయములను చర్చింపవలెను. వార్డువారీగా ఎర్తు లేని ఇండ్ల జాబితా వ్రాయించి, అర్హుడైన ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపవచ్చును. ముందుగా పాఠశాల, అంగన్‌వాడీ, పంచాయతీ భవనములలో ఎర్తును సరిచేసినచో గ్రామమునకు మార్గము చూపినట్లగును. వేలరూపాయలు పెట్టి యంత్రమును కొన్న గృహస్థుడు, దానిని వాడు ఇల్లాలి ప్రాణరక్షణకై మరికొంత వెచ్చించుటకు వెనుదీయరాదు. ఈ మాటను ఇంటింటికి చేర్చు బాధ్యత పంచాయతీ సభ్యులది.