దూర విమాన ప్రయాణం – కాళ్ల జాగ్రత్త



ఫిలింనగర్ నుండి ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చారు. చికాగోలో కూతురి పురుడుకు వెళ్లి తిరిగివచ్చిన నాలుగవ రోజున ఆమె ఎడమ పిక్క వాచింది. ప్రయాణ బడలిక అనుకొని రెండు రోజులు నూనె రాయించి మర్దన చేయించుకున్నారు. స్కానింగ్ తీస్తే కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. అలాంటి కాలిని మర్దన చేయకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆమె సమయానికి వచ్చారు గనుక మందులతో కోలుకున్నారు.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. షూటింగులకు విదేశాలకు వెళ్లే సినిమా వారూ ఉన్నారు. అందరికీ ఈ పాఠం అవసరం.

దూరమెంత? సమయమెంత?

హైదరాబాద్ నుండి చికాగోకు నేరుగా సుమారు 13,300 కి.మీ. పెద్ద విమానం గంటకు సుమారు 900 కి.మీ. పోతుంది. లెక్కకు 15 గంటలు అయినా, గాలిని బట్టి, మార్గాన్ని బట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. 2021లో ఎయిర్ ఇండియా నేరుగా విమానం మొదలుపెట్టింది గాని తరువాత అది ఆగిపోయింది. దుబాయ్ మీదుగా వెళితే అక్కడికి సుమారు 4 గంటలు, ఆపైన 15 గంటలకు పైగా కూర్చోవాలి. మధ్యలో నిరీక్షణ, శంషాబాద్ చేరే సమయం కలిపితే ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోతాయి.

గడ్డ ఎందుకు కడుతుంది?

నడిచేటప్పుడు పిక్క కండరాలు పంపులాగా రక్తాన్ని గుండె వైపు నెడతాయి. రోజూ కె.బి.ఆర్. పార్కులో నడిచేవారు కూడా సీటులో కదలక కూర్చుంటే ఆ పంపు పనిచేయదు. 4 గంటలు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. బస్సుకు, రైలుకు కూడా ఇది వర్తిస్తుంది. అయినా ఇది అరుదు. భయం వద్దు, జాగ్రత్త చాలు.

పాటించవలసినవి

1. గంటకొకసారి పాదాలను పైకి కిందికి ఆడించండి. వీలైనప్పుడల్లా లేచి నడవండి.
2. తరచుగా నీళ్లు త్రాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.
3. గర్భిణులు, బాలింతలు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ ఉన్నవారు, ఇంతకుముందు గడ్డ వచ్చినవారు టికెట్టు కొనకముందే డాక్టరును కలవండి. ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు.
4. చలికాలంలో చికాగో గడియారం మనకంటే 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల ఇన్సులిన్ వేసుకునేవారు ఏ వేళకు ఎంత వేసుకోవాలో ముందే వ్రాయించుకోండి. మందులు, ఇన్సులిన్, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచండి.

ప్రయాణమైన కొన్ని వారాల వరకు ఒక కాలు వాచినా, పిక్క నొప్పిగా, వేడిగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక అత్యవసర విభాగానికి వెళ్లండి.

మీ ఇంట ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే పచ్చళ్లు, పొడులు సర్దేటప్పుడే ఈ పాఠం కూడా చదివి వినిపించండి.