బెల్టు పరీక్షలో ఏం చూస్తారు? (నేను తప్పిన పరీక్ష నుంచి ఒక పాఠం)



మొన్న సంక్రాంతి ముందర మన బడి నుంచి ఏడుగురం అనంతపురం పోయి కరాటే బెల్టు పరీక్ష ఇచ్చినాము. నలుగురు పసుపు బెల్టు కట్టుకుని వచ్చినారు. ముగ్గురం పోయేటప్పుడు కట్టుకున్న తెల్ల బెల్టుతోనే తిరిగి వచ్చినాము. ఆ ముగ్గురిలో నేను ఒకదాన్ని. ఆ రోజు నుంచి చిన్న తరగతుల పిల్లలు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, నిన్ను ఎవరు కొట్టినారు? ఎంత గట్టిగా కొట్టినారు?" అని.

నన్ను ఎవరూ కొట్టలేదు. నేనూ ఎవరినీ కొట్టలేదు. బెల్టు పరీక్ష అంటే కొట్లాట, గెలిచినవాళ్ళకు బెల్టు ఇస్తారు అని మీరంతా అనుకుంటున్నారు. పోయేదాకా నేనూ అట్లే అనుకున్నాను. అందుకే ఈసారి గోడపత్రికలో పొడుపు కథలు రాయకుండా ఈ పాఠం రాస్తున్నాను. వచ్చేసారి పోయేవాళ్ళు నా మాదిరి తప్పకూడదు.

1. మనకు ఈ విద్య ఎట్లా వచ్చింది?

ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి సమగ్ర శిక్షా కింద ఒక పథకం ఉంది. దాని పేరు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్. శిక్షణ మూడు నెలలు. దసరా సెలవులు అయినాక మన బడికి కరాటే మేడం వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే చెరువు కట్ట దాకా పరుగెత్తించి, ముసలమ్మ గుడి తట్టు చూసి దండం పెట్టుకోనిచ్చి, మళ్ళీ వెనక్కి పరుగెత్తించేది. మూడు నెలలు అయినాక, "ఇష్టం ఉన్నవాళ్ళు మొదటి బెల్టు పరీక్షకు రావచ్చు. అది శిక్షణలో భాగం కాదు, ఫీజు వేరే కట్టాలి" అని ముందే చెప్పింది. ఫీజు 400 రూపాయలు. మా యాడి బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి ఉంది. కూలి డబ్బుల్లో నుంచి 400 పంపించింది. ఈ మాట ఎందుకు రాస్తున్నానో చివర్లో చెప్తాను.

2. బెల్టు ఎక్కడ పుట్టింది?

వెనకటికి కరాటేలో బెల్టులు లేవు. బెల్టు పద్ధతి జూడో నుంచి వచ్చింది. జపానులో కానో జిగోరో అనే ఆయన 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో బడి పెట్టినాడు. ఆయన వస్తాదు మాత్రమే కాదు, పంతులు. ఉపాధ్యాయులను తయారుచేసే కాలేజీకి చాలా ఏళ్ళు ప్రిన్సిపాల్‌గా పనిచేసినాడు. చదువులో తరగతులు ఉన్నట్టే కుస్తీలో కూడా మెట్లు ఉండాలని అనుకున్నాడు. జపానులో 'గో' అని మన పులి-మేక మాదిరి గీతల మీద ఆడే ఆట ఒకటి ఉంది. అందులో ఆటగాళ్ళ స్థాయికి 'డాన్' అని పేరు. ఆ పేరునే ఆయన తీసుకున్నాడు. 1883లో మొదటిసారి ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చినాడు. నల్ల బెల్టు కట్టడం 1886 నుంచి మొదలైంది. పసుపు, నారింజ, ఆకుపచ్చ వంటి రంగులు 1930ల్లో ఫ్రాన్సులో జూడో నేర్పిన కవాయిషి అనే గురువు ద్వారా ఎక్కువగా వ్యాపించినాయి.

కరాటే పుట్టింది ఒకినావా దీవిలో. అక్కడి నుంచి 1922లో ఫునకోషి గిచిన్ అనే ఆయన టోక్యోకు వచ్చి నేర్పినాడు. ఈయన కూడా బడిపంతులే! కానో గారి పద్ధతి చూసి 1924లో తన శిష్యులకు మొదటి నల్ల బెల్టులు ఇచ్చినాడు.

ఒక మాట. "బెల్టు ఉతకకుండా ఏళ్ళ తరబడి కట్టుకుంటే మట్టి, చెమట పట్టి తెల్లది నల్లదవుతుంది, అదే బ్లాక్ బెల్టు" అని 8వ తరగతి వాళ్ళు చెప్పుకుంటున్నారు. వినడానికి బాగుంది గానీ నిజం కాదు. నల్ల బెల్టు గురువు ఇచ్చేదే. కాబట్టి బెల్టు ఉతక్కుండా దాచుకున్నవాళ్ళు దయచేసి ఉతకండి, గదిలో వాసన వస్తోంది.

3. క్యూ, డాన్ అంటే ఏమిటి?

నల్ల బెల్టు కంటే కింద ఉండే మెట్లను 'క్యూ' అంటారు. ఇవి పైనుంచి కిందికి లెక్క. చాలా కరాటే బడుల్లో 10వ క్యూలో మొదలై 9, 8, 7 అని తగ్గుతూ 1వ క్యూ దాకా వస్తారు. ఆ తర్వాత డాన్‌లు. ఇవి 1, 2, 3 అని పెరుగుతాయి. మొదటి డాన్‌ను 'షోదాన్' అంటారు. 'షో' అంటే ఆరంభం. అంటే నల్ల బెల్టు వచ్చిందంటే విద్య అయిపోయిందని కాదు, మొదలైందని.

రంగుల వరుస అన్ని బడుల్లో ఒకటి కాదు. ఒక చోట మూడో మెట్టుకు ఆకుపచ్చ అయితే ఇంకో చోట నీలం. తైక్వాండో మెట్లకు 'గప్' అని పేరు. అందులో 15 ఏళ్ళ లోపు పిల్లలకు డాన్ బదులు 'పూమ్' ఇస్తారు. కొరియాలో సియోల్‌లో 1972లో కట్టిన కుక్కివాన్ అనే కేంద్రం ఈ పట్టాలు ఇస్తుంది. దాని నియమం ప్రకారం 1వ డాన్ నుంచి 2వ డాన్‌కు కనీసం 1 ఏడాది, 2 నుంచి 3కు 2 ఏళ్ళు, 3 నుంచి 4కు 3 ఏళ్ళు ఆగాలి. పైకి పోయే కొద్దీ ఎక్కువ కాలం ఆగాలి అన్నమాట.

4. పరీక్షలో ఉండే మూడు భాగాలు

(అ) కిహోన్: అంటే ప్రాథమిక కదలికలు. గుద్దు, అడ్డుకోవడం, తన్ను. ముందుకు అడుగు వేస్తూ ఒకటి, వెనక్కి వేస్తూ ఒకటి. ఇక్కడ బలం కంటే నిలబడే తీరును ఎక్కువ చూస్తారు. ముందు మోకాలు వంగాలి, వెనక కాలు చాచి ఉండాలి, వెనక మడమ నేలకు ఆనాలి. ఒక చేయి గుద్దేటప్పుడు రెండో చేయి నడుము దగ్గరికి గట్టిగా లాగాలి. చేద బావిలో తాడు లాగినట్టు అనుకోండి. ఒక చేయి పోతుంటే ఒకటి వస్తుంది.

(ఆ) కతా: అంటే ఎదురుగా మనిషి లేకుండా వరుసగా చేసే కదలికలు. మాకు పెట్టింది హేయాన్ షోదాన్. ఒకినావాలో ఇతోసు అనే గురువు బడిపిల్లల కోసం కూర్చిన ఐదు కతాలలో ఇది ఒకటి. మొత్తం 21 కదలికలు. పైనుంచి చూస్తే అడుగుల జాడ ఇంగ్లీషు పెద్ద 'ఐ' అక్షరం మాదిరి ఉంటుంది. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాలి. 9వ కదలికకు ఒకసారి, 17వ కదలికకు ఒకసారి గట్టిగా అరవాలి. ఆ అరుపును 'కియాయ్' అంటారు. గొంతుతో కాదు, పొట్టలో నుంచి రావాలి.

(ఇ) కుమితే: ఇద్దరు ఎదురెదురుగా చేసేది. మీరు కొట్లాట అనుకునేది ఇదే. కానీ మొదటి బెల్టులకు కొట్టేవాళ్ళు ముందే చెప్పి కొట్టాలి! "జోడాన్" అంటే మొహానికి, "చూడాన్" అంటే పొట్టకు. ఐదు అడుగులు ముందుకు వేస్తూ ఐదు గుద్దులు. రెండో మనిషి ఐదు అడుగులు వెనక్కి వేస్తూ అడ్డుకుని, చివర్లో ఒక్క గుద్దు తిరిగి వేయాలి, అది కూడా తగలకుండా ఆపాలి. ఇందులో గెలుపు ఓటమి లేదు. దూరం సరిగ్గా ఉందా, చేయి అదుపులో ఉందా అనేదే చూస్తారు. ఎదుటి పాపకు దెబ్బ తగిలితే మార్కులు పోతాయి.

ఇవి కాక లోపలికి వచ్చేటప్పుడు వంగి నమస్కారం, డ్రెస్సు శుభ్రం, పిలిచిన వెంటనే పలకడం కూడా చూస్తారు. బోరులో నీళ్ళు తక్కువ ఉన్నా ముందు రోజు మా ఏడుగురికీ తలా ఒక బకెట్ ఎక్కువ ఇచ్చిన వార్డెన్ మేడం గారికి ధన్యవాదములు.

5. నేను ఎక్కడ తప్పినాను?

మీకు తెలుసు, మన గదుల్లో ఉత్తుత్తి కొట్లాటలో నన్ను గెలిచినవాళ్ళు లేరు. ఆ ధైర్యంతో రెండు వారాలు కతా సరిగ్గా చేయలేదు. కిహోన్ బాగానే చేసినాననుకున్నాను. కతాలో 9వ కదలిక దాకా సరిగ్గానే పోయింది. కియాయ్ కూడా అరిచినాను. తర్వాత 10వ కదలికకు ఎడమ పక్కగా ముప్పాతిక చుట్టు తిరిగి కుడి దిక్కుకు మొహం పెట్టాలి. నేను పావు చుట్టుకే ఆగి ఎడమ దిక్కుకు తిరిగినాను. చూస్తే నా ఎడమ పక్కన ఉన్న 7వ తరగతి చెల్లెలు, నేను మొహం మొహం చూసుకుంటున్నాము! నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. అట్లే నిలబడిపోయినాను. ఆ చెల్లెలు మాత్రం నన్ను చూడనట్టే తన కతా పూర్తి చేసుకుంది. ఉత్తుత్తి కొట్లాటలో రోజూ నా చేతిలో ఓడిపోయే పాప ఆమె. పసుపు బెల్టు ఆమెకే వచ్చింది.

నా కాగితం మీద పరీక్ష పెట్టిన సార్ మూడు మాటలు రాసినారు. వెనక మడమ లేస్తోంది. వెనక్కి లాగే చేయి నడుము దాకా రావడం లేదు. కతా మధ్యలో ఆపింది. నేను అడిగితే, "తప్పు తిరిగితే కొన్ని మార్కులే పోతాయమ్మా. సరిచేసుకుని ముందుకు పోయి ఉంటే చూసేవాళ్ళం. నువ్వు సగం పేపరు రాయకుండా ఇచ్చేసినావు కదా" అన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు చూస్తే ఆయన చెప్పింది న్యాయమే.

6. బెల్టులు లేని విద్యలు

మన పక్క కర్రసాము ఉంది. పీర్ల పండుగలో, ఊరేగింపుల్లో మీరు చూసే ఉంటారు. దానికి బెల్టు లేదు. ఊరి ముందర తిప్పడమే పరీక్ష, కర్ర జారితే అందరికీ కనిపిస్తుంది. కేరళ కలరిపయట్టులో కూడా పాత పద్ధతిలో బెల్టు లేదు. మొదట ఒళ్ళు సాధన, తర్వాత కర్రలు, తర్వాత కత్తి వంటి ఆయుధాలు, చివర్లో వట్టి చేతులు. ఒళ్ళు సిద్ధమైందని గురువుకు తోచినప్పుడే తర్వాతి మెట్టు.

జూడోలో మొదట నేర్పేది పడడం. దాన్ని 'ఉకెమి' అంటారు. దెబ్బ తగలకుండా పడడం, పడి లేవడం. అది రాకపోతే ఎత్తివేయడం నేర్పరు.

7. మోసపోకుండా చూసుకోవలసినవి

- ఏం అడుగుతారో ముందే చెప్పే చోట పరీక్ష ఇవ్వండి.
- ఫీజు ఎంతో, తప్పితే మళ్ళీ కట్టాలో లేదో ముందే అడగండి.
- డబ్బు కట్టిన అందరూ ఎప్పుడూ పాసయ్యే చోటు మంచిది కాదు. తప్పించడం కూడా గురువు పనే.
- "ఆరు నెలల్లో బ్లాక్ బెల్టు" అంటే నమ్మకండి. క్రమంగా నేర్చుకుంటే సామాన్యంగా కొన్నేళ్ళు పడుతుంది.
- సీట్లకు, ఉద్యోగాలకు క్రీడా కోటాలో చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు. బెల్టు రంగు కాదు.

8. మనవి

పరీక్ష రోజు సాయంత్రం యాడి ఫోన్ చేసింది. "పాసయినావా?" అంటే "ఇంకా చెప్పలేదు" అన్నాను. అబద్ధం చెప్పినాను. ఆ తర్వాత రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పినాను. 400 రూపాయలు ఆమెకు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు, మీ ఇండ్లలోనూ అంతే.

ఉగాదికి ఆమె నన్ను చూడడానికి వస్తోంది. ఆమెకు చదువు రాదు. ఈ గోడ దగ్గరికి పిలుచుకొచ్చి ఈ కాగితం మొత్తం నేనే చదివి వినిపిస్తాను. అందాకా దయచేసి ఎవరూ దీన్ని చించవద్దు.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. సాయంత్రం స్టడీ అవర్ ముందు 20 నిమిషాలు వరండాలో సాధన చేసుకోనివ్వండి. ముగ్గుపిండితో నేల మీద ఒక గుర్తు పెడతాము. అక్కడ మొదలుపెట్టి 21 కదలికలు చేసి మళ్ళీ అక్కడికే రాకపోతే అడుగులు సమానంగా పడలేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దానికి డబ్బు ఖర్చు లేదు. అయినాక ముగ్గుపిండి మేమే ఊడుస్తాము. పాసయిన నలుగురూ తప్పిన ముగ్గురికీ నేర్పుతామని ఒప్పుకున్నారు. నా గురువు ఆ 7వ తరగతి చెల్లెలే.

చదివినవాళ్ళు జవాబు చెప్పండి:
1. మొదటి డాన్ ఏ సంవత్సరంలో ఇచ్చినారు?
2. క్యూ లెక్క పెరుగుతుందా, తగ్గుతుందా?
3. హేయాన్ షోదాన్‌లో ఎన్ని కదలికలు? ఎన్నోదాని తర్వాత నేను తప్పు తిరిగినాను?
4. జూడోలో మొదట ఏం నేర్పుతారు?

జవాబులు రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని (ఇంకా తెల్ల బెల్టు)
బుక్కరాయసముద్రం